అవతలివాళ్ల కంప్యూటర్‌ని ఇక్కణ్ణుంచే చూసి బాగుచేయడానికి తేలికైన దారి ఏది?

#1 · ఉడుతసాయం

కంప్యూటర్ అంతగా అలవాటు లేనివాళ్లకు దూరం నుంచి సాయం చేయడానికి తేలికైన పద్ధతి కావాలి. "ఏదో వచ్చింది, పోవట్లేదు" అని ఫోన్‌లో చెప్తారు. ఆ వచ్చిందేమిటో మాటల్లో రాబట్టేసరికే అరగంట అవుతుంది. తెర కళ్లకు కనిపిస్తే ఐదు నిమిషాల పని.

షరతులు ఇవి. అవతలివైపు చేయాల్సిన పని వీలైనంత తక్కువ ఉండాలి. రూటర్ జోలికి పోకూడదు. వాళ్లు ఒప్పుకుంటేనే తెర కనిపించాలి, వద్దనుకున్న క్షణాన ఆగిపోవాలి. ఎక్కువగా విండోస్ 10, 11. ఒకటి రెండు మ్యాక్‌లు, ఒక ఉబుంటు కూడా ఉన్నాయి. విండోస్‌లో ముందునుంచే ఉన్న రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ దీనికి సరిపోతుందా?

#2 · తెరచాప

సరిపోదండీ. పేరు చూసి చాలామంది ముందు దాన్నే పట్టుకుంటారు గానీ, అది మన కంప్యూటర్‌ని మనమే దూరం నుంచి వాడుకోవడానికి తయారైంది. మనం లోపలికి వెళ్లగానే అవతలి తెర లాక్ అయిపోతుంది. అక్కడ కూర్చున్నవాళ్లకు మనం చేసేది కనబడదు, వాళ్లు చూపించాలనుకున్నది చూపించలేరు. పైగా విండోస్ హోమ్ ఎడిషన్ ఉన్న కంప్యూటర్లోకి దీంతో వెళ్లడం కుదరదు. ఇంటర్నెట్ మీదుగా వెళ్లాలంటే రూటర్‌లో 3389 పోర్టు తెరవాలి. ఆ పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ తిరిగే బాట్‌లు ముందుగా తట్టే తలుపు అదే.

రెండువైపులా విండోస్ అయితే మైక్రోసాఫ్ట్ వాళ్లదే క్విక్ అసిస్ట్ అనే ప్రోగ్రాం ఉంది, అది వాడండి. వరస ఇలా:

ముందు అవతలివాళ్లతో ఫోన్ కలపండి, స్పీకర్ ఆన్ చేయించండి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా. కంట్రోల్, విండోస్ మీటలు రెండూ పట్టుకుని క్యూ నొక్కమనండి. ఆ మూడు మీటలు కుదరకపోతే స్టార్ట్ నొక్కి "క్విక్" అని టైప్ చేస్తే చాలు, పైకి వస్తుంది. వాళ్ల దగ్గర అది తెరుచుకుందని తెలిశాకే మీవైపు "హెల్ప్ సమ్‌వన్" నొక్కండి. మీకు మైక్రోసాఫ్ట్ ఖాతా కావాలి, వాళ్లకు అక్కర్లేదు. మీకు ఒక కోడ్ వస్తుంది, దాని ఆయుష్షు 10 నిమిషాలు. ముందే కోడ్ తీసుకుని తర్వాత ప్రోగ్రాం వెతికిస్తే ఆ పది నిమిషాలు వెతుకులాటకే సరిపోతాయి.

ఆ కోడ్‌ని వాళ్లు తమవైపు ఎక్కించి సబ్మిట్ నొక్కాక వాళ్లకు హెచ్చరిక వస్తుంది, "అలౌ" అనాలి. ఇక్కడిదాకా మీకు తెర కనిపిస్తుంది, అంతే. మౌస్ కూడా కావాలంటే మీరు "రిక్వెస్ట్ కంట్రోల్" నొక్కాలి, వాళ్లు మళ్లీ ఒప్పుకోవాలి. సగం సమస్యలకు ఈ రెండో మెట్టు అవసరమే ఉండదు. తెర చూస్తూ "కుడివైపు పైన ఉన్న గుర్తు నొక్కండి" అంటే వాళ్లే చేస్తారు, మరోసారి అదే వస్తే ఫోన్ చేయాల్సిన పనీ ఉండదు. తెర మీద గీసి చూపించే పెన్ను కూడా అందులోనే ఉంది.

#3 · కీలుగుర్రం

తెరచాప గారు చెప్పింది అంతా సాఫీగా జరిగితే. జరగనప్పుడు చూడాల్సినవి:

తెరవగానే తెల్లటి ఖాళీ కిటికీ వచ్చి ఆగిపోతే ఎడ్జ్ వెబ్‌వ్యూ2 రన్‌టైమ్ (ప్రోగ్రాంల లోపల వెబ్ పేజీలు చూపించే మైక్రోసాఫ్ట్ భాగం) లేదనో, పాడైందనో అనుకోవచ్చు. ఇప్పటి క్విక్ అసిస్ట్ దాని మీదే నడుస్తుంది. విండోస్ 11లో అది సాధారణంగా ఉంటుంది, పాత విండోస్ 10లో ఉండకపోవచ్చు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి వెబ్‌వ్యూ2 వేయిస్తే సరిపోతుంది.

విండోస్ 10లో 2022కి ముందు వచ్చిన క్విక్ అసిస్ట్ వేరే. తర్వాత దాన్ని మైక్రోసాఫ్ట్ స్టోర్‌కి మార్చారు. పాతది తెరిస్తే అప్‌డేట్ చేయమంటుంది, స్టోర్ నుంచి కొత్తది వేసుకోవాలి.

కోడ్ సరైనదే, అయినా కనెక్ట్ కావట్లేదంటే గడియారం చూడమనండి. మదర్‌బోర్డు మీద బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్లలో తేదీ ఏళ్ల తరబడి వెనక్కి పోతుంది. సర్వర్ సర్టిఫికెట్ (అది అసలైన సర్వరే అని చెప్పే ధ్రువపత్రం) చెల్లదని లోపల్లోపలే తిరస్కరిస్తుంది, బయటికి మాత్రం ఏదో అర్థంకాని ఎర్రర్ చూపిస్తుంది. తేదీ, సమయం సరిచేస్తే వెంటనే కలుస్తుంది. ఇది క్విక్ అసిస్ట్‌కే కాదు, ఇక్కడ చెప్పుకునే ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ వర్తిస్తుంది.

కోడ్ ఫోన్‌లో చదివేటప్పుడు సున్నాకీ ఓ అక్షరానికీ, ఒకటికీ ఐ అక్షరానికీ తేడా విడమర్చి చెప్పండి. మెసేజ్‌లో పంపితే ఇంకా మేలు.

#4 · తాళంచెవి

ఇంకా పద్ధతులు చెప్పేముందు ఒక మాట బుర్రకెక్కించుకోవాలి. సాయం అడిగే ఫోను ఎప్పుడూ అటునుంచి రావాలి. ఎవరో ఫోన్ చేసి "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ కోడ్ కొట్టండి" అంటే ఫోన్ పెట్టేయమని మనవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. మనం చేయబోయే పనికీ మోసగాళ్లు చేసే పనికీ తెర మీద ఏ తేడా ఉండదు. అవే మీటలు, అదే కోడ్, అదే అలౌ.

ఇది ఊహ కాదు. 2024 మే నెలలో మైక్రోసాఫ్టే ఒక హెచ్చరిక ఇచ్చింది. స్టార్మ్-1811 అని వాళ్లు పేరుపెట్టిన ముఠా ముందు బాధితుల మెయిల్‌బాక్స్‌ని చెత్త మెయిళ్లతో నింపి, ఆపైన హెల్ప్‌డెస్క్ అని ఫోన్ చేసి, క్విక్ అసిస్ట్ ద్వారా లోపలికి వెళ్లి బ్లాక్ బస్తా అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రాం) దించుతోందని. ముందు సమస్య పుట్టించి, తర్వాత సాయం చేస్తామని రావడం. నమ్మేస్తారు మరి.

అందుకని మీకూ వాళ్లకూ మధ్య ఒక గుర్తు మాట పెట్టుకోండి. కోడ్ చెప్పేముందు ఆ మాట చెప్పుకోవాలి. ఇంకొకటి, సెషన్ మొదలయ్యే ముందు బ్యాంకు పేజీలు, సొంత ఫొటోలు, మెయిల్ మూసేయమని మీరే అడగండి. చూడకూడనివి మన కంట పడకుండా చూసుకోవడం సాయం చేసేవాళ్ల బాధ్యతే.

#5 · ఉడుతసాయం

క్విక్ అసిస్ట్ కలిసింది. కానీ ప్రింటర్ డ్రైవర్ వేయబోతే నావైపు తెర నల్లగా అయిపోయి ఆగిపోయింది. అవతలివాళ్లేమో "ఏదో అడుగుతోంది, ఏం నొక్కమంటారు?" అంటున్నారు. కనెక్షన్ తెగిందా?

#6 · తెరచాప

తెగలేదు. రిమోట్ సాయంలో ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఏదైనా ప్రోగ్రాం సిస్టమ్‌ని మార్చబోతే విండోస్ అనుమతి అడుగుతుంది. యూఏసీ అంటారు. ఆ అడిగే పెట్టె మామూలు డెస్క్‌టాప్ మీద రాదు. విండోస్ ఒక్క క్షణంలో వేరే డెస్క్‌టాప్‌కి మారి, పాత తెరను మసకబరిచిన బొమ్మలా వెనక పెట్టి, ఆ కొత్తదాని మీద పెట్టెను చూపిస్తుంది. దాన్నే సెక్యూర్ డెస్క్‌టాప్ అంటారు. అక్కడ జరిగేది మామూలు ప్రోగ్రాంలు చూడలేవు, అక్కడ క్లిక్ చేయలేవు. అలా లేకపోతే ప్రతి వైరసూ తనకు తానే "యస్" నొక్కేసుకునేది. మీ క్విక్ అసిస్ట్ కూడా విండోస్ లెక్కలో ఒక మామూలు ప్రోగ్రామే. అందుకే మీకు నలుపు.

చేయాల్సింది: ఇన్‌స్టాలర్ మీద క్లిక్ చేసే ముందే చెప్పండి. "ఇప్పుడు తెర మసకబారుతుంది, మధ్యలో ఒక పెట్టె వస్తుంది, అందులో పైన ఉన్న పేరు నాకు చదివి వినిపించండి." వాళ్లు చదివిన పేరు, కింద పబ్లిషర్ పేరు మీరు అనుకున్నవే అయితే "యస్" నొక్కమనండి. తెర మీకు మళ్లీ వచ్చేస్తుంది. పెట్టె పాస్‌వర్డ్ అడుగుతోందంటే వాళ్లది అడ్మిన్ ఖాతా కాదని అర్థం. అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఆ కంప్యూటర్ దగ్గరే ఉండాలి.

యూఏసీ సెట్టింగ్‌లో స్లైడర్‌ని ఒక మెట్టు కిందికి దించితే తెర మసకబారడం ఆగిపోతుందని కొన్నిచోట్ల రాస్తారు. ఆగుతుంది, పెట్టె మీకూ కనిపిస్తుంది. కానీ చాలాసార్లు మీ క్లిక్ దానికి తగలదు. తక్కువ హక్కులతో నడిచే ప్రోగ్రాం ఎక్కువ హక్కులున్న కిటికీకి మౌస్, కీబోర్డ్ పంపకుండా విండోస్ అడ్డుపడుతుంది. రక్షణ తగ్గించుకున్నదే మిగులుతుంది. వద్దు.

ఇదే కారణంతో ఇంకో తంటా ఉంది. టాస్క్ మేనేజర్ తెరిచారనుకోండి, అది ముందుకు రాగానే మీ మౌస్ కదులుతుంది గానీ క్లిక్ పనిచేయదు, టైప్ చేసినా ఏమీ పడదు. హ్యాంగ్ అయిందని సెషన్ మూసేస్తారు. అవతలివాళ్లను ఆ కిటికీని కిందికి దించమనండి, అంతా మామూలైపోతుంది.

#7 · కీలుగుర్రం

ఎనీడెస్క్, రస్ట్‌డెస్క్ అనే బయటి రిమోట్ ప్రోగ్రాంలలో దీనికి దారి ఉంది. ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా ఫైల్ నడిపినప్పుడు మెనూలో "రిక్వెస్ట్ ఎలివేషన్" అని ఉంటుంది. అది నొక్కితే అవతల ఒక్కసారి యూఏసీ పెట్టె వస్తుంది, వాళ్లు ఒక్కసారి యస్ అంటే ఆ తర్వాత వచ్చే యూఏసీ పెట్టెలు మీకూ కనిపిస్తాయి, మీరే నొక్కగలరు. డ్రైవర్లు, అప్‌డేట్లు నాలుగైదు వేయాల్సిన రోజున ఇది చాలా శ్రమ తగ్గిస్తుంది. సెషన్ మొదట్లోనే అడిగేయండి.

#8 · వెన్నెలగది

మ్యాక్ గురించి.

రెండువైపులా మ్యాక్ అయితే ఏదీ దింపుకోనక్కర్లేదు. మెసేజెస్ యాప్‌లో వాళ్లతో ఉన్న సంభాషణ తెరిచి, అక్కడినుంచే తెర పంచుకోమని అడగొచ్చు. ఇద్దరూ ఐమెసేజ్‌లో సైన్ ఇన్ అయి ఉంటే చాలు. మాట కూడా దాంట్లోనే కలుస్తుంది.

విండోస్ నుంచి మ్యాక్‌కి వెళ్లాలంటే బయటి యాప్ కావాలి, అప్పుడు అనుమతులు రెండు ఇవ్వాలి. సిస్టమ్ సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో స్క్రీన్ రికార్డింగ్ ఒకటి, యాక్సెసిబిలిటీ ఇంకొకటి. ఏది ఇవ్వలేదో లక్షణం చూసి చెప్పేయొచ్చు. మీకు వాల్‌పేపర్, పైన మెనూ బార్ మాత్రమే కనిపించి, తెరిచిన కిటికీలేవీ కనిపించకపోతే స్క్రీన్ రికార్డింగ్ ఇవ్వలేదు. అన్నీ కనిపిస్తున్నాయి కానీ మౌస్ పనిచేయట్లేదంటే యాక్సెసిబిలిటీ ఇవ్వలేదు. స్విచ్ ఆన్ చేశాక యాప్‌ని పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి, లేకపోతే ఇచ్చిన అనుమతి పట్టదు. మూసినప్పుడు మీ కనెక్షన్ తెగుతుంది, కోడ్ మళ్లీ కావాలి. అందుకే ఈ రెండూ మొదటి ఫోన్‌లోనే, అసలు సమస్య ముట్టుకోకముందే పూర్తిచేయించండి. ఈ స్విచ్‌లు మీరు దూరం నుంచి నొక్కలేరు. వాళ్ల చేత్తోనే, వాళ్ల పాస్‌వర్డ్‌తోనే జరగాలి.

స్క్రీన్ రికార్డింగ్ అనుమతి మ్యాకోస్ 10.15తో, అంటే 2019లో వచ్చింది. మ్యాకోస్ 15లో అయితే ఇచ్చిన అనుమతి కొనసాగించాలా అని నెలకోసారి మళ్లీ అడుగుతుంది. వాళ్లు కంగారుపడి వద్దని నొక్కేస్తే తర్వాతిసారి మళ్లీ మొదటికి వస్తుంది.

#9 · పెంగ్విన్ గూడు

ఉబుంటుకి ముందు చూడాల్సింది వేలాండా, ఎక్స్11ఆ అని. తెర మీద కిటికీలు చూపించే వ్యవస్థల పేర్లు అవి, రెంటిలో ఒకటి నడుస్తూ ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్ వివరాల దగ్గర "విండోయింగ్ సిస్టమ్" అనే వరసలో రాసి ఉంటుంది. ఎక్స్11లో ఏ ప్రోగ్రామైనా తెర మొత్తాన్ని అడక్కుండానే చదివేయగలదు. వేలాండ్‌లో అలా కుదరదు. ప్రతిసారీ "ఏ తెర పంచుకోవాలి?" అని ఒక పెట్టె వస్తుంది, కంప్యూటర్ ముందున్నవాళ్లు తెర ఎంచుకుని "షేర్" నొక్కాలి. అది నొక్కేదాకా అవతలివైపు నలుపే. కనెక్షన్ బాగానే ఉంది, నల్లగా ఉంది అంటే నూటికి తొంభై పాళ్లు ఆ పెట్టె ఏ కిటికీ వెనకో దాక్కుని ఉంటుంది.

కొన్ని పాత రిమోట్ ప్రోగ్రాంలు వేలాండ్‌లో అసలు పనిచేయవు. అలాంటప్పుడు లాగౌట్ అయి, పాస్‌వర్డ్ కొట్టేచోట కింద మూల ఉన్న పళ్లచక్రం గుర్తు నొక్కి "ఉబుంటు ఆన్ జోర్గ్" ఎంచుకోవచ్చు. ఉబుంటు 25.10 నుంచి ఆ ఎంపిక తీసేశారు, కాబట్టి ఇది శాశ్వత పరిష్కారం కాదు. వేలాండ్‌ని సరిగ్గా పట్టించుకునే ప్రోగ్రామే ఎంచుకోండి. రస్ట్‌డెస్క్ పనిచేస్తుంది.

#10 · కొత్తకొమ్మ

విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఒకే పద్ధతి నేర్పించాలంటే? మూడు రకాలు గుర్తుపెట్టుకోమంటే అవతలివాళ్లకు కష్టం. టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్, రస్ట్‌డెస్క్... వీటిలో తేడా ఏమిటి? ఇంకొక సందేహం. రూటర్‌లో ఏమీ తెరవకుండా ఇవి లోపలికి ఎలా వెళ్తాయి?

#11 · దారపుకండె

రెండోదానికి ముందు జవాబు, ఎందుకంటే అది తెలిస్తే మొదటిది సులువు.

ఇంట్లో రూటర్ బయటినుంచి వచ్చే పిలుపుల్ని పడేస్తుంది, లోపలినుంచి వెళ్లే పిలుపులకు మాత్రం జవాబు రానిస్తుంది. అందుకని ఈ ప్రోగ్రాంలు రెండువైపులా బయటికే పిలుస్తాయి, మధ్యలో ఉన్న కంపెనీ సర్వర్‌ని. "నేను ఫలానా నంబర్" అని రెండూ చెప్పుకుంటాయి. సర్వర్ ఒకరి చిరునామా ఇంకొకరికి చెప్తుంది. ఆపైన రెండు కంప్యూటర్లూ ఒకేసారి ఒకదానివైపు ఒకటి ప్యాకెట్లు పంపుతాయి. ఇద్దరూ పంపారు కాబట్టి రెండు రూటర్లూ అవతలినుంచి వచ్చినదాన్ని జవాబే అనుకుని రానిస్తాయి. హోల్ పంచింగ్ అంటే ఇదే. కుదిరితే తెర నేరుగా వెళ్తుంది. కుదరకపోతే మొత్తం ఆ సర్వర్ మీదుగా తిరిగి వస్తుంది, రిలే అంటారు. ఆలస్యం పెరిగేది అప్పుడే. మొబైల్ డేటా మీద, ఒకే పబ్లిక్ చిరునామాని చాలామందికి పంచే ప్రొవైడర్ల దగ్గర తరచూ రిలేకే పోతుంది. రూటర్‌లో మీకు వచ్చిన చిరునామా 100.64 నుంచి 100.127 లోపల ఉంటే మీరు ఆ గుంపులోనే ఉన్నట్టు. అక్కడ పోర్ట్ ఫార్వర్డ్ చేసినా, అంటే రూటర్‌లో లోపలికి దారి తెరిచినా ఉపయోగం ఉండదు.

ఇక ప్రోగ్రాంలు. టీమ్‌వ్యూయర్ ముందు 5938 పోర్టు ప్రయత్నిస్తుంది, అది మూసి ఉంటే 443, 80 వాడుకుంటుంది. ఎనీడెస్క్ 80, 443, 6568. గట్టి ఫైర్‌వాల్ వెనక కూడా ఇవి కలిసేది 443 వల్లే. సాయం అడిగేవాళ్లకు టీమ్‌వ్యూయర్ మొత్తం వేయించకండి, క్విక్‌సపోర్ట్ అనే చిన్న ఫైల్ చాలు. దింపి, నడిపి, నంబర్ చెప్తారు. టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ రెండూ సొంత వాడకానికే ఉచితం. ఎక్కువమందికి, ఎక్కువసేపు వాడుతుంటే వ్యాపారమని అనుమానించి సెషన్‌ని కొద్ది నిమిషాలకే కత్తిరిస్తాయి. సరిగ్గా సగం పనిలో ఉన్నప్పుడు ఇది జరిగితే చాలా ఇబ్బంది.

రస్ట్‌డెస్క్ ఓపెన్ సోర్స్, సొంత సర్వర్ పెట్టుకోవచ్చు. అందులో రెండు ప్రోగ్రాంలు ఉంటాయి: హెచ్‌బీబీఎస్ నంబర్లు కలిపేది, హెచ్‌బీబీఆర్ రిలే చేసేది. సర్వర్ మీద టీసీపీ పోర్టులు 21115 నుంచి 21117 దాకా, దాంతోపాటు యూడీపీ 21116 తెరవాలి (టీసీపీ, యూడీపీ డేటా పంపే రెండు పద్ధతులు). యూడీపీ మరిచిపోవడం మామూలే. అప్పుడు నంబర్ కనిపిస్తుంది గానీ "రెడీ" అని రాదు. బ్రౌజర్ నుంచి వాడాలనుకుంటేనే 21118, 21119. క్లయింట్‌లో సర్వర్ చిరునామాతోపాటు సర్వర్ పబ్లిక్ కీ కూడా ఎక్కించాలి. కీ రెండువైపులా ఉండాలి, ఒక్క అక్షరం తేడా ఉన్నా కలవదు. ఇద్దరు ముగ్గురికి సాయం చేయడానికైతే ఇంత హంగామా అక్కర్లేదు, వాళ్ల పబ్లిక్ సర్వర్ చాలు.

#12 · కీలుగుర్రం

ఒకే పద్ధతి నేర్పాలంటే నా ఓటు క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్‌కి. వాళ్లు క్రోమ్‌లో రిమోట్‌డెస్క్‌టాప్ డాట్ గూగుల్ డాట్ కామ్, స్లాష్, సపోర్ట్ అనే పేజీ తెరవాలి. మొదటిసారి మాత్రం హోస్ట్ అనే చిన్న ప్రోగ్రాం దింపి వేయాలి. తర్వాత "జనరేట్ కోడ్" నొక్కితే 12 అంకెలు వస్తాయి. అన్నీ అంకెలే కాబట్టి ఫోన్‌లో చదవడం సులువు, నాలుగేసి చొప్పున చదవమనండి. కోడ్ 5 నిమిషాలే ఉంటుంది, ఒక్కసారే పనికొస్తుంది. మీరు అదే పేజీలో కింద కోడ్ ఎక్కిస్తారు. మీ మెయిల్ చిరునామా చూపించి ఒప్పుకుంటారా అని వాళ్లను అడుగుతుంది.

ఒక చిక్కుంది. ప్రతి 30 నిమిషాలకు కొనసాగించాలా అని వాళ్లను అడుగుతుంది. పెద్ద అప్‌డేట్ నడుస్తోంది కదా అని వాళ్లు లేచి వెళ్లిపోతే సెషన్ తెగిపోతుంది. అరగంట దాటే పనైతే ముందే చెప్పి కూర్చోబెట్టండి.

అదే సైట్‌లో "రిమోట్ యాక్సెస్" అని ఇంకో భాగం ఉంది. ఒకసారి పిన్ పెట్టి ఉంచితే ఎవరూ లేకపోయినా ఎప్పుడైనా వెళ్లొచ్చు. తరచూ సాయం అవసరమయ్యేవాళ్లకు అదే పెట్టేయడం మేలు.

#13 · తాళంచెవి

కీలుగుర్రం గారూ, ఆ చివరి మాటతో నేను ఒప్పుకోను. ఎప్పుడైనా వెళ్లగలిగే దారి అంటే, మీ గూగుల్ ఖాతా పోయిన రోజున వాళ్ల కంప్యూటర్ కూడా పోయినట్టే. వాళ్ల భద్రత మీ పాస్‌వర్డ్ మీద ఆధారపడుతుంది, ఆ సంగతి వాళ్లకు తెలియదు. కంపెనీల వైపూ ఇబ్బందులు వస్తాయి. 2024 ఫిబ్రవరిలో ఎనీడెస్క్ తన సర్వర్లలోకి ఎవరో చొరబడ్డారని ప్రకటించి, సాఫ్ట్‌వేర్ మీద వేసే సంతకం సర్టిఫికెట్‌ని మార్చింది, తన వెబ్‌సైట్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దుచేసింది. అప్పుడు పాత వెర్షన్లు వేసుకుని మరిచిపోయినవాళ్లు ఇంకా ఉన్నారు.

#14 · కీలుగుర్రం

ఒప్పుకుంటాను, అందరికీ కాదు. కంటిచూపు తగ్గినవాళ్లు, చేయి వణికేవాళ్లు ప్రతిసారీ కోడ్ చదవలేరు. వాళ్లకు పెట్టాల్సివస్తే: మీ ఖాతాకి రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి, పిన్ వేరే ఎక్కడా వాడనిది, కనీసం 6 అంకెలు ఉండాలి. వెళ్లే ప్రతిసారీ ముందు ఫోన్ చేసి చెప్పాలి. సెషన్ నడుస్తుంటే తెర మీద చిన్న పట్టీ కనిపిస్తుందని, అందులో "స్టాప్ షేరింగ్" నొక్కితే ఎప్పుడైనా ఆగిపోతుందని వాళ్లకు చేయించి చూపించాలి. చెప్పడం కాదు, చేయించాలి.

#15 · దారపుకండె

వేగం గురించి అడగకముందే చెప్తున్నా. మీ డౌన్‌లోడ్ ఎంత ఉన్నా లాభం లేదు, తెర పంపేది వాళ్లు కాబట్టి వాళ్ల అప్‌లోడ్ ముఖ్యం. నత్తనడకగా ఉంటే ముందు వీడియో కాల్ ఆపి మామూలు ఫోన్‌లోకి రండి, అదే ఎక్కువ తినేస్తుంది. తర్వాత ప్రోగ్రాంలో చిత్రం నాణ్యత తగ్గించండి. వాళ్లది 4కె తెర అయితే 1920×1080కి దించండి, పంపాల్సిన చుక్కలు నాలుగోవంతుకి తగ్గుతాయి. పని అయ్యాక మళ్లీ పైకి పెట్టడం మరవొద్దు, లేకపోతే "అక్షరాలు పెద్దవైపోయాయి" అని ఇంకో ఫోన్ వస్తుంది.

ఆలస్యం ఎక్కువ ఉన్నప్పుడు డబుల్ క్లిక్ రెండు విడి క్లిక్‌లుగా పడి, ఫైల్ తెరుచుకోకుండా పేరు మార్చే పెట్టె వస్తుంది. ఒక్కసారి క్లిక్ చేసి ఎంటర్ నొక్కండి.

#16 · కొత్తకొమ్మ

పాస్‌వర్డ్ టైప్ చేస్తే ప్రతిసారీ తప్పంటోంది. అదే పాస్‌వర్డ్ వాళ్లు అక్కడ కొడితే తీసుకుంటోంది. ఎందుకలా?

#17 · పెంగ్విన్ గూడు

కీబోర్డ్ లేఅవుట్ తేడా. మీరు నొక్కిన మీటని అవతలి కంప్యూటర్ తన లేఅవుట్ ప్రకారం అర్థం చేసుకుంటుంది. అక్కడ తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఆన్‌లో ఉంటే మీరు కే నొక్కితే క పడుతుంది, హెచ్ నొక్కితే ప పడుతుంది. పాస్‌వర్డ్ పెట్టెలో చుక్కలే కనిపిస్తాయి కాబట్టి తెలియదు. అమెరికా, బ్రిటన్ లేఅవుట్లలో అయితే అక్షరాలు అవే ఉంటాయి, ఎట్ గుర్తూ కొటేషన్ గుర్తూ తారుమారవుతాయి. ఇది ఇంకా కనిపెట్టలేని తప్పు.

నోట్‌ప్యాడ్ తెరిచి ఎట్, హాష్, కొటేషన్ గుర్తులు మాత్రం కొట్టి చూడండి. పాస్‌వర్డ్ మాత్రం అందులో కొట్టకండి. భాష మార్చడానికి విండోస్ మీట, స్పేస్ నొక్కితే అది మీ కంప్యూటర్‌లోనే మారిపోవచ్చు. అవతలి తెర కింద గడియారం పక్కనున్న భాష గుర్తు మీద మౌస్‌తో నొక్కండి. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కూడా అంతే, మీటలతో వెళ్లదు. ప్రోగ్రాం మెనూలో పంపే బటన్ ఉంటుంది. టాస్క్ మేనేజర్ కోసమే అయితే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చాలు.

అసలు పాస్‌వర్డ్ మీరు కొట్టాల్సిన అవసరమేమిటి? వాళ్లనే కొట్టనివ్వండి.

#18 · తాళంచెవి

గూడు గారి చివరి వాక్యానికి నా వంతుగా ఒకటి కలుపుతాను. క్లిప్‌బోర్డ్ పంచుకోవడం ఆన్‌లో ఉంటే మీరు ఇక్కడ కాపీ చేసింది అక్కడికి, వాళ్లు అక్కడ కాపీ చేసింది ఇక్కడికి వచ్చేస్తుంది. మీ పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి కాపీ చేసింది కూడా. సెషన్‌లో దాన్ని ఆపేసి, కావాల్సినప్పుడే పెట్టుకోండి.

#19 · వెన్నెలగది

ఫోన్‌ల గురించి క్లుప్తంగా. ఆండ్రాయిడ్‌లో క్విక్‌సపోర్ట్, ఎనీడెస్క్, రస్ట్‌డెస్క్ మూడూ తెర చూపిస్తాయి. వేలితో నొక్కినట్టు మీరు నడపాలంటే యాక్సెసిబిలిటీ అనుమతి లేదా ఆ ఫోన్ తయారీకి తగ్గ యాడ్-ఆన్ కావాలి. బ్యాంకు యాప్ తెరిస్తే మీకు నలుపు వస్తుంది. ఆ యాప్ చేసినవాళ్లే తెర బయటికి పోకుండా కట్టడి చేసి ఉంటారు. దాన్ని దాటే దారి వెతకొద్దు. ఐఫోన్‌లో ఇలాంటి యాప్‌లతో చూడటం వరకే, నడపడం కుదరదు. రెండువైపులా ఐఓఎస్ 18 ఉంటే ఫేస్‌టైమ్‌లో తెర పంచుకుని, వాళ్లు ఒప్పుకుంటే నడపొచ్చు.

#20 · ఉడుతసాయం

ప్రింటర్ పని అయింది. మసకబారుతుందని ముందే చెప్పాను, పెట్టెలో పేరు చదివి వినిపించి యస్ నొక్కారు. ఆఖరి రెండు ప్రశ్నలు. రీస్టార్ట్ చేయాల్సివస్తే ఏం చేయాలి? పని అయ్యాక ఏమేం తీసేయాలి?

#21 · తెరచాప

రీస్టార్ట్ అయితే కోడ్ పోతుంది, ఇన్‌స్టాల్ చేయకుండా నడిపిన ప్రోగ్రాం కూడా పోతుంది. కాబట్టి రీస్టార్ట్ నొక్కేముందు ఫోన్ పెట్టేయలేదని చూసుకోండి, మళ్లీ ఏం తెరవాలో వాళ్లచేత కాగితం మీద రాయించండి. లాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టించండి. అప్‌డేట్ మధ్యలో బ్యాటరీ అయిపోవడం, నిద్రలోకి జారుకోవడం, మూత మూసేయడం, ఈ మూడింటివల్ల తెగిన సెషన్లే ఎక్కువ. పవర్ సెట్టింగ్స్‌లో నిద్ర సమయాన్ని తాత్కాలికంగా "నెవర్" చేయండి, చివర్లో పాతదే పెట్టండి. సేఫ్ మోడ్‌కి వెళ్లాలంటే "నెట్‌వర్కింగ్‌తో" ఉన్నది ఎంచుకోవాలి. అయినా వైఫై రాకపోవచ్చు, కేబుల్ దగ్గర పెట్టుకోమనండి.

#22 · తాళంచెవి

తీసేయాల్సినవి: డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో దింపిన ఫైల్. తర్వాతిసారి కొత్త వెర్షన్ దింపుకోవడమే మంచిది. ఇన్‌స్టాల్ అయి ఉంటే యాప్స్ జాబితా నుంచి అన్‌ఇన్‌స్టాల్. ఎనీడెస్క్, రస్ట్‌డెస్క్‌లలో శాశ్వత పాస్‌వర్డ్ పెట్టి ఉంటే ముందు అది తీసేయాలి. క్రోమ్‌లో రిమోట్ యాక్సెస్ పెట్టి ఉంటే ఆ పేజీలోనే పరికరాల జాబితా నుంచి తొలగించాలి. మ్యాక్‌లో ఇచ్చిన రెండు స్విచ్‌లు ఆఫ్. ఇవన్నీ ఫోన్ పెట్టేయకముందే, వాళ్లు చూస్తుండగానే. ఆఖరున టాస్క్‌బార్‌లో గడియారం పక్కనున్న చిన్న బాణం నొక్కించి, రిమోట్ ప్రోగ్రాం గుర్తు ఏదీ మిగల్లేదని వాళ్లచేతే చెప్పించండి.